రెండు బ్రేకుల కారు

నేను ఒక కారును. కారంటే ఏదో పెద్ద బండి అనుకునేరు. చిన్నదాన్ని, తెల్ల రంగుదాన్ని, నలుగురు సర్దుకుని కూర్చుంటే అయిదో మనిషి మోకాళ్ళు గడ్డానికి తగిలే రకం. నాలాంటివి ఏ సందులోకి తిరిగినా రెండు మూడు కనబడతాయి. నాకున్న ప్రత్యేకత ఒక్కటే. నాకు బ్రేకులు రెండు. డ్రైవరు కాలి కింద ఒకటి, పక్క సీట్లో కూర్చున్నవాళ్ళ కాలి కింద ఇంకొకటి. క్లచ్‌లు కూడా రెండే. ఇప్పుడు నేనుంటున్న ఈ యార్డుకి కార్లు చూసుకోవడానికి వచ్చేవాళ్ళు నా తలుపు తీసి, ఎడమవైపు వంగి చూసి, "ఓహో, స్కూలు బండా!" అని తలుపు వేసేసి పక్క కారు దగ్గరికి వెళ్ళిపోతారు. వాళ్ళ తప్పేం లేదు. నేర్చుకునేవాళ్ళ కాళ్ళ కింద పడి నలిగిన బండిని ఎవరు మాత్రం కోరి తెచ్చుకుంటారు?

నేను పుట్టింది చాలా దూరాన, తెలుగు మాట వినపడని ఊళ్ళో. నన్ను తయారుచేసినవి మనుషుల చేతులు కావు, ఇనప చేతులు. అవి అలసిపోవు, కబుర్లు చెప్పుకోవు, అన్నాల వేళకి ఆగవు. నన్ను మొట్టమొదట ముట్టుకున్న మనిషి, వరస చివర నిలబడి నా ముందద్దానికి కాగితం ముక్క అంటించిన ఒక అమ్మాయి. అంటిస్తూ ఆవులించింది. మనుషులతో నా పరిచయం ఆ ఆవులింతతో మొదలైంది. తర్వాత నన్నూ, నాతోపాటు పుట్టినవాటినీ ఒక పొడుగాటి లారీ ఎక్కించి, కట్టేసి, రోజుల తరబడి రోడ్ల మీద తిప్పారు. కారై పుట్టి ఇంకో బండెక్కి రావడం నాకు నామోషీగానే ఉండేది. రాజమండ్రి షోరూములో దింపి, శుభ్రంగా తుడిచి, అద్దాల గదిలో నిలబెట్టాక గాని నా ప్రాణం కుదుటపడలేదు.

అక్కడే నన్ను చూసుకుంది సుజ్ఞానమ్మ. నలభై అయిదేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. నేత చీర, చేతికి మగవాళ్ళు పెట్టుకునే పెద్ద వాచీ. వాళ్ళ నాన్న మిషను ఆస్పత్రి జీపు నడిపేవాడట. కూతురికి పన్నెండేళ్ళు రాకుండానే ఆస్పత్రి కాంపౌండులో స్టీరింగు చేతికిచ్చాడట. పెద్దయ్యాక ఆమె ఒక కాన్వెంటు వ్యాను చాలా ఏళ్ళు నడిపింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదండి" అనేది. నిడదవోలులో ఆడవాళ్ళకి కారు నేర్పే ఆడమనిషి లేదని, తనే ఒక స్కూలు పెడదామని, దాచుకున్నదంతా ముందు కట్టి నన్ను కొంది.

కొంది అన్నానే గాని, నా కాగితాల్లో ఆమె పేరు కింద ఇంకొక పేరు కూడా ఉంది. అదొక ఫైనాన్సు కంపెనీ పేరు. ఆ కంపెనీ వాళ్ళలో ఒక్కరూ నన్ను చూడలేదు, ఎక్కలేదు, నా రంగేమిటో కూడా వాళ్ళకి తెలియదు. అయినా సగానికి పైగా నేను వాళ్ళదాన్నే. వాయిదాలన్నీ తీరేదాకా అంతే. మనుషులు దీన్ని కూడా కొనడమే అంటారు. పూలదండ వేస్తారు, స్వీట్లు పంచుతారు, ఫోటో దిగుతారు. "సొంత కారా అమ్మా?" అని వీధిలోవాళ్ళు అడిగితే సుజ్ఞానమ్మ కూడా "అవునండి" అనే చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నా తలుపు మీద చెయ్యి వేసింది. నాకూ అది నిజమేననిపించింది.

నా ఎడమవైపు బ్రేకూ క్లచ్చూ బిగించింది మెకానిక్ వీరన్న. స్కూలు మొదలుపెట్టే రోజున పాస్టరు గారు వచ్చి, నా బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. ఆయన కళ్ళు మూసుకున్న అదను చూసుకుని వీరన్న నా నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టేశాడు. సుజ్ఞానమ్మ చూసింది. చూడనట్టు ఊరుకుంది. ఆమెన్ అనగానే నన్ను ముందుకి తీసింది. నిమ్మకాయలు టపటపమన్నాయి.

"ఏంటమ్మా ఆ చప్పుడు?" అన్నారు పాస్టరు గారు.

"కొత్త టైర్లు కదండీ అయ్యగారూ," అంది సుజ్ఞానమ్మ.

అలా అందరి దేవుళ్ళకీ చెప్పుకుని రోడ్డెక్కాను. నా వెనకద్దం మీద 'షారోను లేడీస్ డ్రైవింగ్ స్కూల్' అని ఎర్రటి అక్షరాలు అంటించారు.

ఆడవాళ్ళు కారు నేర్చుకోవడం ఎంత పెద్ద రహస్యమో నాకు అప్పుడు తెలిసింది. ఒకావిడ ఇంట్లో వాకింగుకని చెప్పి, కాళ్ళకి బూట్లు వేసుకుని వచ్చేది. నేర్చుకున్నంతసేపు నేర్చుకుని, వెళ్ళేటప్పుడు చెమట పట్టలేదని ముఖాన నీళ్ళు చల్లుకునేది. ఒక హెడ్మిస్ట్రెస్ గారు బడిలో వందల మందిని గడగడలాడించే మనిషి, ఎదురుగా లారీ కనబడితే మాత్రం కళ్ళు గట్టిగా మూసేసుకునేది. కళ్ళు మూసుకుంటే లారీ పోతుందని ఆమెకి ఎవరు చెప్పారో గాని, నిజంగానే పోయేది. ఎందుకంటే అప్పటికే సుజ్ఞానమ్మ కాలు పనిచేసి ఉండేది. ఇంకొకావిడ గేదెలు అడ్డొస్తే హారను కొట్టి, అవి తప్పుకున్నాక కిటికీలోంచి "థాంక్సండి" అనేది.

సుజ్ఞానమ్మ ఎవరినీ కసురుకోలేదు. "క్లచ్ తొక్కమ్మా. తొక్కి ఉంచు. ఇప్పుడు నెమ్మదిగా వదులు, పాలు పొంగొస్తుంటే మంట తగ్గిస్తావు చూడు, అలాగ," అనేది. మాట అంత మెత్తగా ఉన్నా, పాదం మాత్రం తన బ్రేకుకి వెంట్రుకవాసి ఎత్తులో సిద్ధంగా ఉండేది. అవసరమైన క్షణంలో అది దిగేది, నేను ఆగేదాన్ని. స్టీరింగు మీదున్నావిడ గుండెలు చిక్కబట్టుకుని "ఆపేశానండీ!" అనేది. "భలే ఆపావమ్మా," అనేది సుజ్ఞానమ్మ. ఆపిందెవరో మా ఇద్దరికే తెలుసు. ఇన్నేళ్ళలో నేనూ ఎవరితోనూ అనలేదు, ఆమె కూడా అనలేదు.

నేర్చుకునేవాళ్ళు ఆమె ఇంటికే వచ్చి ఎక్కేవాళ్ళు, అక్కడే దిగేవాళ్ళు. తన పనులకి ఆమె నన్ను బయటికి తీసేది కాదు. చర్చికి నడిచి వెళ్ళేది, బజారుకీ నడిచే. "పెట్రోలు పిల్లల కోసం," అనేది. నేర్చుకోవడానికి వచ్చిన అరవయ్యేళ్ళావిడైనా ఆమె లెక్కలో పిల్లే. కాబట్టి ఆమె ఎప్పుడూ ఎడమ సీట్లోనే ఉండేది. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక కూడా టీ గ్లాసు పట్టుకుని షెడ్డులోకి వచ్చి, ఎడమ తలుపు తీసుకుని కూర్చునేది. ఇంట్లో కుర్చీ ఉంది. కాని ఆ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ లేదు. నాలో అయితే పక్క సీటు ఉంటుంది, ఖాళీగా ఉన్నా సరే. టీ తాగుతూ ఆ రోజు ఎవరు ఎక్కడ తప్పు చేశారో చెప్పుకుని తనలో తనే నవ్వుకునేది. నాకు ఆ వేళ చాలా ఇష్టంగా ఉండేది.

మంచిరోజులు ఎలా పోయాయో పెద్దగా చెప్పడానికేమీ లేదు. రైల్వే గేటు అవతల ఖాళీ స్థలంలో మొదటి పాఠాలు జరిగేవి. ఒకరోజు వెళ్ళేసరికి చుట్టూ కంచె వేసి, ప్లాట్లు అమ్మబడునని బోర్డు పెట్టారు. ఇక మొదటి పాఠం కూడా రోడ్డు మీదే. లారీల మధ్య మొదటి గేరు వెయ్యమంటే ఎవరికి ధైర్యం వస్తుంది? కొందరు మానేశారు. అదే సమయానికి బస్టాండు దగ్గర ఏసీ గదితో పెద్ద స్కూలు వెలిసింది. అక్కడ గేర్లు లేని కార్లున్నాయట, క్లచ్ అనేదే ఉండదట. క్లచ్ వదలడం నేర్పడానికే పుట్టినట్టున్న సుజ్ఞానమ్మకి ఆ మాట చాలాసేపు అర్థం కాలేదు. వచ్చేవాళ్ళు తగ్గారు. నా క్లచ్ ప్లేటు అరిగిపోయి మార్చాల్సి వచ్చింది. ఆ నెల వాయిదా తప్పింది. మరుసటి నెలదీ తప్పింది.

అప్పటికి ఆమె దగ్గర గట్టిగా మిగిలింది ఒక్కతే, నూకరత్నం.

నూకరత్నం మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చే మనిషి, కాంట్రాక్టు పని. తెల్లవారకముందే చీపురు పట్టుకుని, ఎండ ముదిరాక దింపేది. ఆ దుమ్ముకి ఛాతీ పట్టేసి, నాలుగు మాటలు మాట్లాడితే అయిదో మాటకి దగ్గు వచ్చేది. డాక్టరు చీపురు వదిలెయ్యమన్నాడు. వదిలేశాక తినేదేమిటో మాత్రం చెప్పలేదు. అలాంటి సమయంలో మున్సిపాలిటీకి చెత్త తీసుకెళ్ళే కొత్త నాలుగు చక్రాల ఆటోలు వచ్చాయి. ఊడ్చేవాళ్ళలో లైసెన్సు ఉన్న ఆడవాళ్ళకి డ్రైవరు పని ఇస్తామన్నారు. నెలాఖరులోగా లైసెన్సు చూపించాలి. చూపించలేకపోతే మళ్ళీ చీపురే. ఆ చీపురు ఆమెని ఎన్నాళ్ళు బతకనిస్తుందో ఆమెకే తెలియదు.

"ఫీజు ఇప్పుడియ్యలేనండి టీచరుగారూ," అంది మొదటిరోజు, నా బయటే నిలబడి.

"డ్రైవరు జీతం వచ్చాక ఇద్దువుగాని. ఎక్కు."

ఎక్కే ముందు చెప్పులు విప్పి బయట పెట్టింది. సుజ్ఞానమ్మ దిగి, ఆ చెప్పులు తీసుకొచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది.

తెలివైన మనిషి నూకరత్నం. గేర్లు రెండు రోజుల్లో పట్టేసింది. ఒక్కటే జబ్బు. వెనక ఎవరైనా హారను కొడితే చాలు, నన్ను రోడ్డు అంచుకి దించేసి, ఆపేసి, వంగి కూర్చునేది. సైకిలుకి కట్టుకున్న బుర్ర హారను కొట్టినా అంతే. ఆమె వృత్తిలో నేర్చుకున్న మొదటి పాఠం అది. రోడ్డు మీద వంగి ఊడుస్తున్నప్పుడు హారను వినబడిందంటే చీపురుతో సహా పక్కకి తప్పుకోవాలి. తప్పుకోకపోతే తిట్లయినా పడతాయి, దెబ్బయినా తగులుతుంది. ఆ తప్పుకోవడం ఆమె ఒంట్లోకి ఇంకిపోయింది. ఇది వేరే ఎవరికీ లేని తప్పు, ఏ పుస్తకంలోనూ లేని తప్పు. సుజ్ఞానమ్మకి కూడా దాన్ని ఎలా దిద్దాలో మొదట తోచలేదు.

"ఎందుకమ్మా ఆపావు?"

"ఆళ్ళు ఎల్లాలంటన్నారు కదండి."

"వాళ్ళు వెళ్ళాలి. నువ్వెళ్ళక్కర్లేదా?"

ఆ ప్రశ్న నూకరత్నాన్ని అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు.

"చూడు, నువ్వు ఇప్పుడు రోడ్డు పక్కన లేవు. రోడ్డు మీదున్నావు. నువ్వూ బండివే. వాళ్ళు కొడితే నువ్వూ కొట్టు."

"బాబోయ్, నేనా అండీ? తిడతారండి."

"తిట్టనీ. అద్దాలు ఎత్తే ఉన్నాయి."

నూకరత్నం నా హారను మీద వేలి కొస ఆనించింది. పిల్లి కూతంత చప్పుడు వచ్చింది. తనే ఉలిక్కిపడి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. సుజ్ఞానమ్మ నీళ్ళ సీసా మూత తీసి అందించింది.

లోవరాజు వచ్చింది ఆ వారంలోనే, నూకరత్నం పాఠం ముగించుకుని వెళ్ళాక. ఫైనాన్సు కంపెనీ తరఫున వాయిదాలు వసూలు చేసే మనిషి. నలభై దాటినవాడు, బట్టతల, చంకలో బ్యాగు. చెడ్డవాడు కాదు. అతనెక్కి వచ్చిన మోటారు సైకిలు కూడా వాయిదాల మీదదే. దానికీ ఒక నెల బాకీ ఉందట. ఆ బండి నా పక్కనే నిలబడింది. మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

"మేడంగారూ, నేను చెప్పానని ఏం అనుకోకండి. ఈ నెలది కూడా తప్పితే యవ్వారం నా చేతిలో ఉండదండి. సీజింగు చేసేవాళ్ళు వేరే ఉంటారండి. ఆళ్ళు మీ ఇంటికి రారు. రోడ్డు మీద కాపు కాత్తారు. కనబడిన చోట ఆపేసి తాళం లాగేసుకుంటారండి."

"నేర్చుకునే పిల్ల స్టీరింగు మీద ఉంటేనో?"

"ఆళ్ళకి అయ్యన్నీ తెలవదండి. ఎవరున్నా దింపేత్తారు."

సుజ్ఞానమ్మ ముఖం పాలిపోయింది. తనని దింపేస్తారని కాదు. హారను వింటేనే పక్కకి తప్పుకునే మనిషిని నలుగురు మగవాళ్ళు నడిరోడ్డు మీద కారులోంచి లాగి దింపితే, ఆ మనిషి మళ్ళీ జన్మలో స్టీరింగు ముట్టుకోదు. ఆ భయం నాకు ఆమె పాదాల్లో తెలిసింది. ఎడమ సీట్లో కూర్చుని మాట్లాడుతోంది. రెండు కాళ్ళూ రెండు పెడళ్ళ మీదా బిగబట్టి ఉంచింది.

"ఈ నెలదీ కట్టలేను. నేనే తెచ్చి అప్పగించేస్తాను లోవరాజు గారూ. నా దగ్గర నేర్చుకునే పిల్లకి వచ్చే గురువారం టెస్టు ఉంది. ఆ టెస్టు అయ్యేదాకా ఎవర్నీ పంపకండి. శుక్రవారం పొద్దున బండి మీ యార్డులో ఉంటుంది. మా నాన్న మీద ఒట్టు."

లోవరాజు బట్టతల నిమురుకున్నాడు. "మీ అంతట మీరే ఇచ్చేత్తే అందరికీ మంచిదండి. మీ పేరు కూడా మరీ పాడవదు. కాకపోతే ఒకటండి. మేం బండి అమ్మాక వచ్చింది చాలకపోతే మిగతాది మళ్ళీ మీరే కట్టుకోవాలండి."

"బండి ఇచ్చేశాక కూడానా?"

"అవునండి," అన్నాడు లోవరాజు తల దించుకుని.

ఆ సాయంత్రం ఆమె టీ తెచ్చుకోలేదు. ఊరికే వచ్చి కూర్చుని, ముందద్దంలోంచి షెడ్డు గోడని చూసింది. నూకరత్నానికి మాత్రం ఏమీ చెప్పలేదు. చెబితే ఆ పిల్ల తన కోసమే బండి ఆగిందని తెలిసి ఇంకా బెదిరిపోతుంది. మర్నాడు రోజూలాగే "క్లచ్ తొక్కమ్మా" అంది.

గురువారం టెస్టుకి వెళ్ళాం. రవాణా ఆఫీసు వెనక సిమెంటు తోవలు, రాళ్ళు పాతిన మలుపులు. అక్కడ ఒక విద్య నడుస్తుంది, అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. స్కూళ్ళవాళ్ళు పక్క సీట్లో కూర్చుని, ఆకాశం కేసి చూస్తూ, కింద కాళ్ళతో బండి మొత్తం వాళ్ళే నడిపేస్తారు. స్టీరింగు మీదున్న మనిషి బొమ్మలా కూర్చుంటే చాలు. లైసెన్సు వచ్చేస్తుంది. నా ముందు వెళ్ళిన రెండు కార్లూ అలాగే గట్టెక్కాయి.

సుజ్ఞానమ్మ కూడా అలా చెయ్యొచ్చు. చెయ్యాలనిపించే ఉంటుంది. ఈరోజు పోతే మళ్ళీ టెస్టుకి నేను ఉండను, ఇంకో కారుకి డబ్బు ఉండదు, నెలాఖరు ఆగదు. ఆమె పాదం ఒక్కసారి నా బ్రేకుని తాకింది. తర్వాత తీసేసింది. చెప్పులు విప్పి, రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుని, భోజనానికి కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వెనక సీట్లో ఎక్కిన ఇనస్పెక్టరు ముందుకి వంగి చూశాడు.

"ఏంటమ్మా ఇది?"

"కాళ్ళు కింద ఉంటే ఊరుకోవండి. చాలా ఏళ్ళ అలవాటు."

ఇనస్పెక్టరు నవ్వాడు. పక్కన నిలబడ్డ మిగతా స్కూళ్ళవాళ్ళు కూడా నవ్వారు. నూకరత్నం మాత్రం ఆ మడిచిన కాళ్ళకేసి చూసి తెల్లబోయింది.

"ఇప్పుడెలాగండి టీచరుగారూ?"

"రోజూ ఎలా నడుపుతున్నావో అలాగే. ఇన్నాళ్ళూ నడిపింది నువ్వేగా?"

అది పచ్చి అబద్ధం. కాని ఇంత అందమైన అబద్ధం నేను వినలేదు. మొదటి మలుపు దాటాం. రెండోది దాటాం. మూడో మలుపులో ఉండగా వెనక వరసలో ఎవరో విసుగెత్తి హారను కొట్టారు, పొడుగ్గా, ఆగకుండా. నూకరత్నం చేతులు బిగుసుకున్నాయి. నా ముందు చక్రాలు అంచు రాళ్ళ వైపు కొంచెం తిరిగాయి. రాయి తగిలితే టెస్టు పోయినట్టే. సుజ్ఞానమ్మ మాట్లాడకూడదు. చీర కుచ్చిళ్ళ కింద కాలి వేళ్ళు ముడుచుకుని, రెండు చేతులతో మోకాళ్ళు గట్టిగా పట్టుకుంది. నాకు కిందనున్న పెడళ్ళు రెండూ ఖాళీగా, తేలిగ్గా ఉన్నాయి. నా బతుకులో మొదటిసారి అటునించి నాకు ఏ సాయమూ లేదు.

అప్పుడు నూకరత్నం అరచేయి మొత్తం ఆనించి నా హారను కొట్టింది. పిల్లి కూత కాదు. గోడకి కొట్టుకుని తిరిగొచ్చేంత చప్పుడు. వెనకది నోరు మూసుకుంది. చక్రాలు దారిలోకి వచ్చాయి. మలుపు దాటాం.

"ఇక్కడ హారను కొట్టక్కర్లేదమ్మా," అన్నాడు ఇనస్పెక్టరు, కాగితం మీద టిక్కు పెడుతూనే. టెస్టు పాసయిందని చెప్పి దిగిపోయాడు. అతను దిగాక నూకరత్నం స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. సుజ్ఞానమ్మ కాళ్ళు దించింది. తిమ్మిరెక్కాయి కాబోలు, చాలాసేపు నొక్కుకుంటూ ఉండిపోయింది.

శుక్రవారం పొద్దున్నే ఆమె నన్ను కడిగింది. వెనకద్దం మీద ఎర్ర అక్షరాలు కిరసనాయిలు గుడ్డతో ఒక్కొక్కటే రుద్ది తీసింది. డ్రైవరు సీట్లో పొట్టివాళ్ళ కోసం పెట్టిన దిండు తీసి ఇంట్లో పెట్టింది. ఇల్లు తాళం వేసి, సంచీ భుజాన వేసుకుని వచ్చి, ఎడమ తలుపు తీసి కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. తన వైపు చిన్న అద్దం సరిచేసుకుంది. కాళ్ళు తన పెడళ్ళ మీద పెట్టుకుంది.

"క్లచ్ తొక్కమ్మా," అంది.

నేను కదల్లేదు. కదిలించేవాళ్ళు లేరు. ఆమె తల తిప్పి కుడివైపు చూసింది. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది.

అంత ఒంటరితనం నేను ఎప్పుడూ చూడలేదు. ఎవరూ లేని ఇంటికి ఆమె అలవాటు పడింది. ఎవరూ లేని కారుకి పడలేదు. అలాగే కూర్చుని ఖాళీ సీటుకేసి చూస్తూ చూస్తూ ఒక్కసారి నవ్వింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, దిగి, చుట్టూ తిరిగి వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. సీటు ముందుకి జరుపుకోవాల్సి వచ్చింది. అది ఎప్పుడూ ఎవరికో ఒకరికి సరిపడేలా ఉండేదేగాని, స్కూలు మొదలయ్యాక ఆమెకి సరిపడేలా ఎన్నడూ లేదు.

ఎంత బాగా నడిపిందో చెప్పలేను. నేర్చుకునేవాళ్ళు నన్ను కుదిపేవాళ్ళు, బెదిరించేవాళ్ళు, గేర్లు కొరికించేవాళ్ళు. ఆమె చేతుల్లో నేనొక బండినని మర్చిపోయాను. దారంతా తనలో తను మాట్లాడుకుంది. "ముందు ఆర్టీసీ బస్సుంది, దూరం ఉంచమ్మా." "ఆ ముసలాయన దాటేదాకా ఆగు." "ఇప్పుడు పో." ఏ తప్పూ చెయ్యకపోయినా "భలే" అని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

యార్డు ఊరి బయట, మున్సిపాలిటీ చెత్త పోసే దిబ్బలకి వెళ్ళే దారిలో ఉంది. కాపలాదారు సత్తిబాబు గేటు తీసి, రెండు కార్ల మధ్య ఇరుకు జాగా చూపించాడు.

"అందులో ఎనక్కి పెట్టాలమ్మగారూ. మీ వల్ల కాదుగానండి, తాళం ఇలాగిచ్చెయ్యండి."

ఆమె ఇవ్వలేదు. ఒక్క ఊపులో, అటూ ఇటూ సవరించకుండా, నన్ను ఆ జాగాలోకి దింపింది. సత్తిబాబు నోట్లో బీడీ అలాగే ఉండిపోయింది.

"బాబోయ్! ఎక్కడ నేర్చారండి?"

"మా నాన్న నేర్పాడు," అంది సుజ్ఞానమ్మ. ఇంజను ఆపింది.

ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. 'నేను నా ఇష్టపూర్వకంగా ఈ వాహనాన్ని అప్పగిస్తున్నాను' అని రాసుంది అందులో. మనుషుల కాగితాలకి ఇష్టం అన్న మాటంటే ఎందుకంత ఇష్టమో నాకు తెలియదు. ఆమె చదివి, పెద్ద వాచీ ఉన్న చేత్తో సంతకం పెట్టి, తాళం బల్ల మీద పెట్టింది. గేటు దాటి రోడ్డు పక్కన నిలబడింది. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ చేతికి స్టీరింగు ఇచ్చిన మనిషి, వచ్చే ప్రతి ఆటోకీ చెయ్యెత్తుతూ ఎండలో చాలాసేపు నిలబడింది. చివరికి గడ్డిమోపులు వేసుకెళ్ళే ఒక బండివాడు ఆపి ఎక్కించుకున్నాడు. అతని పక్కన, ఎడమవైపు కూర్చుని వెళ్ళిపోయింది.

ఇక్కడ నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. ఒకదాని అద్దం మీద కవలపిల్లల పేర్లున్నాయి. ఒకదానికి పెళ్ళిపూలు ఇంకా ఎండి వేలాడుతున్నాయి. మేము మాట్లాడుకోం. ఏం మాట్లాడుకుంటాం, అందరి కథా అక్కడక్కడే తిరుగుతుంది. దుమ్ము పడుతుంది, వాన పడుతుంది, మళ్ళీ దుమ్ము పడుతుంది. నేను అమ్ముడుపోతే సుజ్ఞానమ్మ బాకీ కొంత తగ్గుతుంది. అందుకని ఎవరైనా వస్తే కుదురుగా, కొత్తగా కనబడాలని ప్రయత్నిస్తాను. దుమ్ము కొట్టుకుపోయిన కారు ఎలా ప్రయత్నిస్తుందని అడక్కండి. సాయంత్రం టీ వేళకి మాత్రం నా ఎడమ సీటు బరువు కోసం చూస్తుంది. ఆ వేళ నాకు బాగుండదు.

మొన్న ఒక పొద్దున యార్డు గేటు ముందుకి కొత్త చెత్త ఆటో వచ్చింది. పచ్చ రంగుది. సత్తిబాబు మా అందరిలోంచి ఊడ్చి తీసిన చెత్త, చిరిగిన సీటు కవర్లు, ఎండిన దండలు, తలలూడిన బొమ్మలు మూటలు కట్టి ఉంచాడు. "లోపలికి తెచ్చెయ్యమ్మా, మొయ్యలేను," అని కేకేశాడు. ఆటో ఇరుకు గేటులోంచి లోపలికి వచ్చి, నాకు నాలుగు గజాల దూరంలో ఆగింది. డ్రైవరు సీట్లో ఖాకీ చొక్కా తొడుక్కుని, జుట్టు బిగించి ముడివేసుకుని ఉన్నది నూకరత్నం.

ముఖం కొంచెం నిండింది. దగ్గు వినబడలేదు. మూటలు ఎక్కించేదాకా స్టీరింగు మీద వేళ్ళతో చిన్నగా దరువు వేస్తూ కూర్చుంది. నా వెనకద్దం మీద అక్షరాలు లేవు. నా ఒంటి మీద దుమ్ము మందంగా ఉంది. నాలాంటి తెల్ల కార్లు ఆ వరసలోనే ఇంకా అయిదారున్నాయి. అయినా ఒక్కసారి ఇటు తిరిగితే చాలుననుకున్నాను. తిరిగితే గుర్తుపడుతుంది. నాలో కూర్చుని ఏడ్చిన మనిషి గుర్తుపట్టకుండా ఉండదు.

మూటలు ఎక్కాయి. గేటు ఇరుకు, తిప్పుకునే చోటు లేదు, వెనక్కే పోవాలి. "నేను చెప్తానుండు, ఎడమకి కొట్టు, కుడికి కొట్టు," అంటూ సత్తిబాబు చేతులు ఊపుకుంటూ వెళ్ళాడు. నూకరత్నం అతని మాట వినలేదు. రివర్సు వేసి, నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా, రెండు గేటు స్తంభాల మధ్య నుంచి బండిని రోడ్డు మీదికి తీసుకుపోయింది. ఆ కాస్తసేపూ నా ఎదురుగానే ఉంది. నన్ను చూడలేదు. వెనక్కి పోతున్నప్పుడు అద్దం మీద నుంచి చూపు తిప్పకూడదని సుజ్ఞానమ్మ నాలో కూర్చోబెట్టే ఆమెకి నేర్పింది.